డాక్టరమ్మ రైలెక్కిందని తమ్ముడు చెప్పాడు

మా ఇంటికి కంప్యూటరు వచ్చినప్పుడు నేను బి.ఎడ్ చదువుతున్నాను, తమ్ముడు ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నాడు. నందిగామలో మాది రెండు గదుల ఇల్లు. ముందుగదిలో నాన్న మంచం పక్కన, అమ్మ కుట్టుమిషను తీసేసి, ఆ చోట దాన్ని పెట్టారు. వాడి చదువుకి పనికొస్తుందని కొన్నారు. వాడు వారం తిరక్కుండానే స్నేహితుడి దగ్గర నుంచి ఒక ఆట డిస్కు తెచ్చాడు.

అది తుపాకుల ఆట. కానీ ఊరికే కాల్చుకుంటూ పోవడం కాదు, దానికో కథ ఉంది. వరదలో సగం మునిగిపోయిన నగరం. నీళ్ళ మీద పడవలేసుకుని తిరిగే దోపిడీ ముఠాలు. ఒక సైనికుడు ఒక ముసలి డాక్టరమ్మను కొండమీద ఉన్న రైల్వే స్టేషనుకి క్షేమంగా చేర్చాలి. ఆ సైనికుడు మనమే. అందుకని తెరమీద అతను కనిపించడు. మన రెండు చేతులు, వాటిలో తుపాకీ, ఎదురుగా దారి కనిపిస్తాయి, అంతే.

వాడు మౌస్ పట్టుకునేవాడు, నేను కీబోర్డు. అంటే తల తిప్పి చూడటం, కాల్చటం వాడి పని. నడవటం, వంగటం, తలుపులు తీయటం నా పని. ఒకే మనిషిని ఇద్దరం నడిపేవాళ్ళం. వాడు ఎడమవైపు ఎవడినో గురిచూస్తుంటే నేను చూసుకోకుండా ముందుకు నడిపి నీళ్ళలో పడేసేదాన్ని. ఆ సైనికుడు మా గొడవల వల్ల చచ్చినన్నిసార్లు శత్రువుల చేతిలో చావలేదు.

నాకు ఆ ఆటలో కాల్చటం కన్నా ఖాళీ ఇళ్ళలోకి వెళ్ళటం ఇష్టం. బల్లల మీద ఉత్తరాలు ఉండేవి. ఊరు వదిలిపోయినవాళ్ళు రాసిపెట్టినవి. అవి ఇంగ్లీషులో ఉండేవి, నేను ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటుంటే వాడికి ఓపిక ఉండేది కాదు.

"చదివింది చాలక్కా, నడువు. కరెంటు పోద్ది."

వాడు అన్నట్టే పోయేది కూడా. రోజూ మధ్యాహ్నం కోత. యూపీఎస్ కీచుకీచుమని అరవటం మొదలుపెడితే ఐదు నిమిషాలే మాకు మిగిలేవి.

ఆట చివరికొచ్చేసరికి నాకు టీచింగ్ ప్రాక్టీసు పడింది. జగ్గయ్యపేటలో ఒక హైస్కూలు ఇచ్చారు. మూడు వారాలు అక్కడే పిన్ని వాళ్ళింట్లో ఉన్నాను. వెళ్ళేముందు వాడిచేత ఒట్టేయించుకున్నాను, నేను లేకుండా ముందుకి పోనని. తిరిగొచ్చి చెప్పులు విప్పకుండానే అడిగాను, ఎక్కడున్నామని.

"అయిపోయిందక్కా," అన్నాడు వాడు.

ఆ రోజంతా వాడితో మాట్లాడలేదు. మర్నాడు పొద్దున వాడే వచ్చి మంచం మీద నా పక్కన కూర్చుని ముగింపు చెప్పాడు. ఇద్దరూ స్టేషనుకి చేరతారట. ఆఖరి రైలు వస్తుందట. అందులో ఒక్కరికే చోటు. డాక్టరమ్మ ఎక్కుతుంది. రైలు కదిలేముందు ఆవిడ తన కళ్ళజోడు తీసి సైనికుడి అరచేతిలో పెట్టి, నేను తిరిగొచ్చేదాకా దాచిపెట్టు అంటుందట. నాకు కోపం పోయింది. కాస్త ఏడ్చాను కూడా.

తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, జగ్గయ్యపేటలో స్థిరపడ్డాను. చిల్లకల్లు దగ్గర స్కూల్లో చాలా ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. వాన పడి పిల్లలు సగంమందే వచ్చిన రోజుల్లో, పుస్తకం పక్కన పెట్టి ఈ కథ చెప్పేదాన్ని. ఆట అని చెప్పలేదు ఎప్పుడూ. సైనికుడూ డాక్టరమ్మా కథ, అంతే. కళ్ళజోడు దగ్గరకొచ్చేసరికి వెనక బెంచీల వాళ్ళు కూడా ముందుకి వంగేవాళ్ళు.

పోయినేడాది ఆరో తరగతి అమ్మాయి ఒకతి కథ అయ్యాక లేచి నిలబడింది.

"టీచర్, కళ్ళజోడు లేకుండా ఆవిడ రోగుల్ని ఎట్టా చూస్తది?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నాకే తట్టలేదు. ఆటలో ఆ సంగతి ఏమైనా చెప్పారేమో, తమ్ముడు మర్చిపోయాడేమో అనుకున్నాను. సాయంత్రం ఫోను చేసి, ఆ ఆట మళ్ళీ దొరుకుతుందేమో చూడమన్నాను. వాడికిప్పుడు నందిగామలో కంప్యూటర్లు, ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంది. వాడికి తెలియని ఆటా అనుకున్నాను.

"అంత పాతవి ఇప్పుడు కంప్యూటర్లలో నడవవక్కా. వదిలేయ్," అన్నాడు.

నేను వదల్లేదు. మావారు నెట్‌లో వెతికితే రెండు నిమిషాల్లో దొరికింది. కొత్త కంప్యూటర్లకి సరిపడేలా బొమ్మలు మెరుగుచేసి మళ్ళీ విడుదల చేశారు. కొని, వాడికి వీడియో కాల్‌లో చూపించాను. వాడు కాసేపు చూసి, "సరే, ఆదివారం రా," అన్నాడు.

అలా మొదలైంది. ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక మావారు బస్టాండులో దింపేవారు. విజయవాడ బస్సెక్కితే అన్నం వేళకి నందిగామలో దిగేదాన్ని. మరదలు కోడికూర వండి ఉంచేది. తిన్నాక వాడి ముందుగదిలో, ఇద్దరికీ చెరో కుర్చీ, పెద్ద తెర. వాడు మౌస్, నేను కీబోర్డు. ఇంకోలా కూర్చోవాలని ఇద్దరికీ తోచలేదు.

మొదటి ఆదివారమే తెలిసొచ్చింది, మేం పాతవాళ్ళం కాదని. వాడి చెయ్యి మందగించింది. శత్రువు కనబడి, తమ్ముడు గురి చూసి, నొక్కేలోపు మేం పోయేవాళ్ళం. నాకేమో ఆ తిరిగే లోకాన్ని చూస్తుంటే కళ్ళు తిరిగి కడుపులో దేవేది. పావుగంటకోసారి తెరమీంచి చూపు తిప్పి నిమ్మకాయ వాసన చూసేదాన్ని.

"సులువుగా ఉండే స్థాయి పెట్టుకోండి, అందులో ఏముంది," అంది మరదలు.

"పదిహేడేళ్ళప్పుడు మామూలు స్థాయిలో ఆడినోణ్ణి. ఇప్పుడు సులువుది పెట్టుకుంటానా," అన్నాడు తమ్ముడు.

రెండో ఆదివారం పెట్టుకున్నాడు.

అన్నిటికన్నా ఏడిపించింది లిఫ్ట్. ఆస్పత్రి భవనంలో డాక్టరమ్మా మేమూ పైకి వెళ్తుంటే, ఆవిడ తన మొదటి ఉద్యోగం గురించి చెబుతుంది. మూడు నిమిషాలు. మధ్యలో ఆపటానికి లేదు. తలుపు తెరుచుకోగానే ఎదురుగా ఆరుగురు. చచ్చిపోతే ఆట మళ్ళీ లిఫ్ట్ కింద నుంచే మొదలవుతుంది, ఆవిడ మళ్ళీ మొదటి ఉద్యోగం గురించి చెబుతుంది. ఆ మధ్యాహ్నం ఆ మాటలు ఎన్నిసార్లు విన్నామో. చివరికి తమ్ముడు ఆవిడతోపాటు తెలుగులో అప్పచెప్పటం మొదలెట్టాడు. "నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. ఆ ఊళ్ళో దీపం కూడా లేదు." నేను అందుకునేదాన్ని. "మొదటి కాన్పు కొవ్వొత్తి వెలుగులో చేశాను." విసుగులోంచి నవ్వు వచ్చేది. నవ్వుతూ ఆడితే ఇంకా తొందరగా చచ్చేవాళ్ళం.

మరదలు అప్పటిదాకా గుమ్మం దగ్గర చిక్కుడుకాయలు ఒలుస్తూ చూస్తోంది.

"తలుపు తెరుచుకోగానే బయటికెందుకు పరిగెడతారు వదినా? లోపలే ఒక మూలకి ఉండొచ్చుగా. వాళ్ళే వస్తారు."

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఈసారి నేను నడపలేదు. లిఫ్ట్‌లోనే గోడకి ఆనుకుని వంగి ఉన్నాం. వాళ్ళు ఒక్కొక్కళ్ళే వచ్చారు. తమ్ముడు ఒక్కొక్కళ్ళనే కాల్చాడు. మరదలు చిక్కుడుకాయల గిన్నె తీసుకుని, ఏం జరగనట్టు లోపలికెళ్ళింది.

కానీ ఆ ఆదివారాలు నాకెంత బాగుండేవో. ఇప్పుడు ఉత్తరాలన్నీ చదువుతున్నాను, వాడు తొందరపెట్టడం లేదు. ఒక వంటింట్లో గోడమీద పిల్లల ఎత్తు కొలిచిన గీతలున్నాయి. అప్పుడు దాని పక్కనుంచే పరిగెత్తి ఉంటాం, చూడలేదు. డాక్టరమ్మ మనం ఆగిన చోటల్లా ఊరికే నిలబడదని కూడా ఇప్పుడే గమనించాను. గోడకున్న ఫోటోలు సరిచేస్తుంది, కుర్చీమీద దుమ్ము దులిపి కూర్చుంటుంది. అప్పుడప్పుడు సరిగ్గా గుమ్మంలో నిలబడి మమ్మల్ని బయటికి పోనివ్వదు. తమ్ముడు ఆవిణ్ణి బతిమాలేవాడు. "అమ్మా, కాస్త జరగమ్మా." ఆ దారిన వెళ్ళకుండా ఇల్లంతా చుట్టి వస్తే అప్పుడు జరిగేది.

ఆరు ఆదివారాలకి కొండ కిందికి చేరాం. ఇక మిగిలింది స్టేషనే. అప్పట్నించీ తమ్ముడు తప్పించుకోవటం మొదలుపెట్టాడు. ఒక వారం కొట్లో పని ఎక్కువగా ఉందన్నాడు. ఇంకో వారం చెవిటికల్లులో మరదలి వాళ్ళ బంధువులింటికి వెళ్ళాలన్నాడు. మూడో వారం నేను చెప్పాపెట్టకుండా వెళ్ళాను. కంప్యూటరు వేడెక్కుతోందన్నాడు.

"ఒరేయ్, రోజూ కంప్యూటర్లు బాగుచేసేవాడివి. నాతో చెప్తున్నావా ఆ మాట?"

వాడు మౌస్ మీద చెయ్యి వేసి కూర్చున్నాడు గానీ కదపలేదు.

"ఒకటి చెప్పాలక్కా. నువ్వు తిట్టకూడదు."

"చెప్పు."

"నేనీ ముగింపు చూళ్ళేదు. అప్పుడు డిస్కు మీద గీత పడింది. కొండ దగ్గరకి రాగానే ఆగిపోయేది. ఎన్నిసార్లు పెట్టినా అంతే."

నాకు వెంటనే అర్థం కాలేదు. "మరి రైలు?"

"నేనే చెప్పా. ఒట్టు తప్పి ఆడా, డిస్కూ పాడుచేశా. నువ్వేమో వచ్చీ రాగానే అడిగావు. చూళ్ళేదని చెప్పటానికి మొహం చెల్లక అయిపోయిందన్నా. నువ్వు రోజంతా మాట్లాడకపోయేసరికి ఏదో ఒకటి చెప్పాలనిపించింది."

"కళ్ళజోడు?"

"నాన్న కళ్ళజోడు కిటికీలో ఉంది, నీకు చెప్తుంటే ఎదురుగా. అది చూసి అనేశా."

నేను ఎంతమంది పిల్లలకి ఆ కథ చెప్పానో గుర్తొచ్చింది. కొంతమందికి పెళ్ళిళ్ళయి వాళ్ళ పిల్లలు కూడా మా స్కూలుకే వస్తున్నారు. కోపం రావాలి కదా అని చూసుకున్నాను, రాలేదు. పదిహేడేళ్ళవాడు, అక్క మాట్లాడకపోతే ఓర్చుకోలేక, కిటికీలో కళ్ళజోడు చూసి అంత మంచి మాట పుట్టించాడు. నేను డిగ్రీలు చదివి కూడా అలాంటిది ఒక్కటి రాయలేదు.

"అయితే ఇద్దరం చూళ్ళేదన్నమాట," అన్నాను. "పద, చూద్దాం."

వాడు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. మరదలు కూడా పని ఆపేసి వచ్చి మా వెనక నిలబడింది.

కొండెక్కే దారిలో పోరు గట్టిగానే ఉంది. ఆట నాలుగుసార్లు మమ్మల్ని వెనక్కి పంపింది. ఐదోసారి స్టేషను గేటు దాటాం. అక్కడ సైనికుడు తనంతట తాను తుపాకీ భుజానికి తగిలించుకున్నాడు. తమ్ముడు మౌస్ నొక్కాడు. ఏమీ కాలేదు.

"ఇదేంటి, పని చెయ్యట్లేదు."

"ఇక కాల్చేదేం లేదనుకుంటా రా."

నా వేళ్ళ కింద మీటలు మాత్రం పనిచేస్తున్నాయి. ప్లాట్‌ఫారం మీద నడిపించాను. పట్టాలు వరదకి కొట్టుకుపోయాయి. రైలు రాదు. ఎప్పటికీ రాదు. డాక్టరమ్మ అటు కాసేపు చూసింది. తర్వాత వెయిటింగ్ రూం తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. అక్కడ గోడల వెంట జనం కూర్చుని ఉన్నారు, మాకు ముందే వచ్చినవాళ్ళు. ఆవిడ సంచి దించి, చేతులు పైకి మడుచుకుని, సైనికుడితో బల్లలు వరసగా వేయమంది. నేను ఒక్కొక్క బల్ల దగ్గరికీ నడిచి వెళ్ళి, మీట నొక్కి జరిపాను. ఐదు బల్లలు. తర్వాత లాంతర్లు వెలిగించమంది. వెలిగించాను. తమ్ముడు చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నాడు. ఒక తల్లి బిడ్డనెత్తుకుని మొదటి బల్ల మీద కూర్చుంది. డాక్టరమ్మ కళ్ళజోడు సర్దుకుని బిడ్డ మీదికి వంగింది. అక్కడితో అయిపోయింది.

తమ్ముడు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"ఇది బావుందక్కా," అన్నాడు తమ్ముడు. "నాదానికన్నా బావుంది."

"నీది కూడా బావుంది," అన్నాను. అబద్ధం చెప్పలేదు.

ఆ వారం ఆరో తరగతికి వెళ్ళి అన్నీ చెప్పాను. అది ఆట అని, ముగింపు మా తమ్ముడు కల్పించాడని, అసలు ముగింపు ఇదీ అని. ప్రశ్న అడిగిన అమ్మాయి శ్రద్ధగా విని, ఇదే నిజంలా ఉందంది. మిగతావాళ్ళు రైలే కావాలన్నారు. ఆ పీరియడంతా వాళ్ళలో వాళ్ళే వాదించుకున్నారు. గంట కొట్టినా ఆపలేదు. నేను హాజరుపట్టీ తీసుకుని బయటికొచ్చేశాను.

ఇప్పుడు రెండోసారి మొదలుపెట్టాం. ఈసారి మౌస్ మరదలిది. తమ్ముడు ఒప్పుకోవటానికి రెండు వారాలు పట్టింది. ఆవిడ తొందరపడదు. మూలన నక్కి వాళ్ళనే రానిస్తుంది. మామూలు స్థాయిలోనే లిఫ్ట్ ఒక్కసారికే దాటేసింది. తమ్ముడు లోపల టీ కాస్తూ, పాలు పొంగకముందే రెండుసార్లు గుమ్మంలోకి వచ్చి, ఎక్కడిదాకా వచ్చారని అడిగి పోతున్నాడు.