తోత్క గారు మార్కులు వేసిన తీరు

తోత్క గారు ఎవరింటికి వెళ్ళినా సంచిలోంచి తన చెప్పులు తీసి గుమ్మంలోనే వేసుకునేవారు. ఊదారంగు ఉన్ని చెప్పులు, ఆవిడే అల్లుకున్నవి. "వాళ్ళిచ్చిన చెప్పులు వేసుకుంటే చుట్టాన్నవుతాను. చుట్టానికి ఎవరూ నిజం చెప్పరు" అనేవారు. కాఫీ కూడా పని ముగిసేదాకా ముట్టేవారు కాదు. ముగిశాక మాత్రం రెండు కప్పులు తాగి, పక్కన పెట్టిన చెర్రీ మురబ్బా గిన్నె కూడా ఖాళీ చేసేవారు.

ఆవిడ చాలా ఏళ్ళు నేత బడిలో ఆడపిల్లలకు మగ్గం నేర్పారు. మిల్లులు మూతపడ్డాక బడికీ తాళం పడింది. అప్పుడు మా ఊరి పురపాలక కార్యాలయంలో చేరారు. ముసలివాళ్ళకు ఇళ్ళ దగ్గర అందుతున్న సేవ ఎలా ఉందో చూసి రాయడం ఆవిడ ఉద్యోగం. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "అడిగినవాడికి మగ్గం తెలీదు, మగ్గం తెలిసినవాడు అడగలేదు" అని ఊరుకునేవారు.

ఆ వసంతంలో నేను ఆవిడ కింద సహాయకురాలిగా చేరాను. చదివింది కెమిస్ట్రీ. నా కూతురికి ఇంకా మాటలు రాలేదు. శిశుకేంద్రంలో చోటు దొరికేదాకా దాన్ని బండిలో పడుకోబెట్టుకుని ఆవిడ వెంట తిరిగాను. రేపు దాన్ని అక్కడ వదిలితే, పగలంతా ఎలా చూసుకున్నారో సాయంత్రం నాకు ఎవరు చెబుతారన్నది నా గుబులు. ముసలివాళ్ళకు మాటలు వచ్చు కాబట్టి అడిగితే తెలిసిపోతుందనుకున్నాను.

ఇళ్ళకు వెళ్ళి ముసలివాళ్ళను చూసుకునే సంస్థ మా ఊళ్ళో ఒక్కటే. దాన్ని నడిపేది దెస్పినా. కొండపల్లెల నుంచి రోజూ బస్సులో వచ్చే అరడజను మంది ఆడవాళ్ళు, ఒక పాత కారు, అంతే ఆ సంస్థ. ఖర్చు పురపాలక సంఘానిది. ఏడాదికోసారి తోత్క గారు బాగుందని రాస్తేనే ఒప్పందం పొడిగిస్తారు.

నేను ఒక ప్రశ్నల పట్టిక తయారుచేశాను. శుభ్రం, మందులు, తిండి, మర్యాద. బడిలో లాగే ఒక్కోదానికి ఆరుకి మార్కులు. ఇల్లిల్లూ తిరిగి వచ్చేసరికి పట్టిక నిండా ఆర్లే.

"ఏ ద్రావణంలో ముంచినా ఒకే రంగు చూపించే కాగితం ఎందుకూ పనికిరాదండీ" అన్నాను.

తోత్క గారు నవ్వారు. "తలుపు తీసి లోపలికి రానిచ్చిన మనిషి గురించి మనవాళ్ళు చెడ్డ చెబుతారా తల్లీ? చెబితే రేపటి నుంచి ఆ పిల్ల కూడా రాదేమోనని భయం ఒకటి. పద, గెనా అవ్వ ఇంకా మిగిలింది."

గెనా అవ్వకు చలికాలంలో తుంటి ఎముక విరిగింది. ఎవరో ఒకరు లేపి కుర్చీలో కూర్చోబెట్టాలి, మళ్ళీ వాళ్ళే పడుకోబెట్టాలి. మేం వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది. దెస్పినా పంపిన రాద్కా అనే ఆమె అవ్వకు గోళ్ళు తీస్తోంది. గదిలో ముక్కిన వాసన లేదు. మందులు వేళల ప్రకారం డబ్బాల్లో సర్ది ఉన్నాయి. అవ్వ మడమలు చూశాను, ఎక్కడా కందలేదు. రాద్కా బట్టలు ఆరేయడానికి పెరట్లోకి వెళ్ళగానే తోత్క గారు కుర్చీ దగ్గరకు లాక్కున్నారు.

"ఎలా చూసుకుంటోంది అవ్వా?"

"ఆరు."

"నేనింకా పట్టిక తీయలేదు."

"నువ్వేం అడుగుతావో వీధంతటికీ తెలుసులేవే. అన్నిటికీ ఆరు వేసుకో, వేసుకుని కాఫీ తాగు."

తోత్క గారు నా పట్టికను మడిచి సంచిలో పెట్టేశారు.

"సరే, వేరే మాట. దెస్పినా దగ్గరికి కొత్తపిల్ల వస్తోందనుకో. పనేమీ తెలీదు. మొదట నీ దగ్గరికే పంపుతారు. దానికి ఏం నేర్పుతావు?"

అవ్వ దుప్పటి పక్కకు తోసి నిటారుగా కూర్చుంది. "ఎవరి పిల్ల?"

"ఎవరి పిల్లయితేనేం."

"నేర్పాలంటే బోలెడుంది. చిక్కుడుగింజలు ఉడక్కముందే ఉప్పు వేయకూడదు. దిండు నా మోకాలి కింద పెట్టాలి, పాదం కింద కాదు. నన్ను లేపేముందు 'లేపుతున్నా' అని ఒక మాట అనాలి, నేనేం బంగాళాదుంపల బస్తానా?" అంటూ వేళ్ళు మడుస్తూ పోయి, ఒకచోట ఆగింది. "జూన్‌లో తొమ్మిదింటిదాకా వెలుతురు ఉంటుందని నేర్పుతాను."

"అంటే?" అన్నాను నేను.

"అంటే ఏముందమ్మా, ఐదు కొట్టకముందే నాకు రాత్రి. ఒళ్ళు తుడిచి, గౌను తొడిగి, పడుకోబెట్టి, కర్టెన్ లాగి వెళ్ళిపోతుంది. పాపం దాని బస్సు దానిది. ఆ తర్వాత ఈ కిటికీ కింద బెంచీ మీద ఆడవాళ్ళంతా చేరతారు. పొద్దుతిరుగుడు గింజలు కొరుక్కుంటూ కూర్చుంటారు. ఎవరి కోడలు ఏమందో, ఎవరి మిరపకాయలు మాడిపోయాయో అన్నీ వింటూ పడుకుంటాను. మొన్న ద్రాగా నా పెళ్ళి గురించి పచ్చి అబద్ధం చెప్పింది. మా ఆయన తాగి గుర్రం మీంచి పడ్డాడట! 'పడింది మీ నాన్నే' అని ఇక్కణ్ణుంచి అరిచాను. వినబడలా. ఇప్పుడు వీధి వీధంతా అదే నమ్ముతోంది."

"రాద్కాకి చెప్పకపోయావా?" అన్నారు తోత్క గారు.

"చెప్పి? మంచిపిల్లే అది. ఇంటికెళ్ళొద్దంటానా? ఆరే వెయ్యి."

మేం ఆ ఇళ్ళన్నీ మళ్ళీ తిరిగాం. ఆ ఒక్క ప్రశ్నే అడిగాం. తప్పు చెప్పమంటే పెదవి విప్పనివాళ్ళు నేర్పమంటే ఆపినా ఆగలేదు. పడకగది తలుపు తోసేముందు వచ్చినపిల్ల తన పేరు చెప్పాలని నేర్పుతానని పెంచో తాత అన్నాడు. నా రొట్టె నేనే కోసుకుంటాను, చెయ్యి వణికినా సరే లాక్కోవద్దని చెబుతానని ఇంకొకావిడ. పట్టపగలే పడుకోబెడుతున్నారన్న మాట మాత్రం దాదాపు ప్రతి ఇంట్లోనూ వచ్చింది. పెంచో తాత ఒక్కడే దానికి ఒప్పుకోలేదు. "నేను కోళ్ళతోపాటే పడుకుంటాను. రాత్రి ఎనిమిదింటికి వచ్చి ఎవరైనా లేపారో, చేతికర్ర ఉంది చూడు!"

సంగతి తెలిసి దెస్పినా ఆఫీసుకు వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నా పిల్లలు ఎవరినైనా కసిరారా? మందు మరిచిపోయారా? ఒక్కరికైనా పడకపుండు పడిందా?"

"లేదు. అదంతా రాశాను" అన్నారు తోత్క గారు.

"మరింకేం?"

"మనుషుల్ని పగలే పడుకోబెడుతున్నావు."

"ఆరు దాటితే కొండకి బస్సు లేదు. ఆరు దాటాక చేసిన పనికి మీ ఆఫీసు పైసా ఇవ్వదు. నేనేం చెయ్యనండీ, సూర్యుణ్ణి పెందలాడే దిగమని చెప్పనా?"

తోత్క గారు కాగితం ముందుకు లాక్కున్నారు. "నిజమే. ఒప్పందం రాసింది మేమే. అది కూడా రాస్తాను."

"రాయండి. మార్కు తగ్గుతుంది, ఒప్పందం పోతుంది. మా సంగతి సరే, రేపు పొద్దున గెనా అవ్వను ఎవరు లేపుతారు? మీరా?"

ఆమె వెళ్ళిపోయింది. ఉన్నదున్నట్టు రాస్తే అవ్వను ఉదయం లేపేవాళ్ళే లేకుండా పోవచ్చు. రాయకపోతే ఈ వేసవి సాయంత్రాలు ఎలాగూ లేవు. అవ్వ వయసులో ఇంకెన్ని వేసవులు ఉంటాయి? నాకైతే ఆరు వేసి, కిందెక్కడో చిన్న అక్షరాల్లో రాసేద్దామనిపించింది. ఆ మాటే అన్నాను.

"మగ్గం మీద పోగు తెగితే గుడ్డంతా కోసి పారేయం" అన్నారు తోత్క గారు. "అలాగని తెగలేదని కూడా అనం." నాలుగు వేశారు. మా బడి లెక్కలో నాలుగంటే 'మంచిది'. దాని కింద పెద్ద అక్షరాలతోనే రాశారు: ఒప్పందం కొనసాగించాలి, వేసవిలో తొమ్మిదింటిదాకా చేసే పనికి పురపాలక సంఘం జీతమివ్వాలి, ఇంతవరకూ ఇవ్వకపోవడం మన తప్పు.

మర్నాడే ఉపమేయర్ పిలిపించాడు. నేనూ వెళ్ళాను.

"పోయినేడు బాగుందని నువ్వే రాశావు కదా తోత్కా?"

"పోయినేడు నేను సరిగ్గా అడగలేదు."

"పోనీ వాళ్ళ తప్పు రాశావు. మనది కూడా ఎందుకు? ఎన్నికలొస్తున్నాయి."

"అందుకే చెబుతున్నాను. మన ఊళ్ళో తప్పకుండా ఓటేసేది ముసలివాళ్ళే. ఎవరికి వేయాలో సాయంత్రాలు బెంచీల మీద కూర్చుని తేల్చుకుంటారు. మీరేమో వాళ్ళని ఐదింటికే పడుకోబెడుతున్నారు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడుచుకుని, ఆ ఒక్క వేసవికి ఒప్పుకుంటూ సంతకం పెట్టాడు. వచ్చే ఏడు సంగతి అప్పుడు చూద్దామన్నాడు.

దెస్పినా కొన్నాళ్ళు తోత్క గారిని చూస్తే తల తిప్పుకునేది. కానీ పని మాత్రం మార్చింది. ఆడవాళ్ళు ముసలివాళ్ళను బయట కూర్చోబెట్టి తమ బస్సుకు వెళ్ళిపోతున్నారు. పొద్దుపోయాక తనే కారు వేసుకుని, కావాలన్నవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి పడుకోబెట్టి వస్తోంది. పెంచో తాత మాత్రం కోళ్ళతోనే.

జులైలో ఒక సాయంత్రం పాపను బండిలో తిప్పుతూ, తోత్క గారితో కలిసి ఆ వీధిలోంచి వస్తున్నాను. బెంచీ మీద నడుమ గెనా అవ్వ. ఒక పక్క ద్రాగా. ఇద్దరి వాదనా ఇంకా ఆ గుర్రం దగ్గరే ఉంది. మమ్మల్ని చూడగానే అవ్వ గొంతు వీధి చివరిదాకా వినబడింది.

"ఇదిగో వచ్చింది! ఏమే, నన్ను చూసుకునే పిల్లలకి నాలుగు వేశావట! నేను ఎంత వెయ్యమన్నాను?"

"ఆరు వెయ్యమన్నావు అవ్వా."

"మరి? ఇప్పుడే వెళ్ళి మార్చు!"

"మార్చకమ్మా తోత్కా" అంది ద్రాగా. "ఈవిడ బయటికి వచ్చిన దగ్గర్నుంచి మాకు నోరు తెరిచే సందు లేదు. ఆ నాలుగూ ఎక్కువే."

అందరూ నవ్వుతుండగా వీధి మలుపులో దెస్పినా కారు కనబడింది. బెంచీ ముందుకు వచ్చి ఆగింది. అవ్వ చేత్తో అవతలికి చూపించింది.

"ఇంకా వెలుతురు ఉందిగా! ముందు పైవీధి వాళ్ళని పడుకోబెట్టి రాపో. నాకిక్కడ పనుంది."

దెస్పినా ఏదో గొణుక్కుంటూ కారు వెనక్కి తిప్పింది.