సారవ్వ తలల లెక్క

మేడిగుంట బడిలో ఐదో తరగతి దాకా చదివి, బొగ్గు బాయిలో ముప్పై నాలుగేళ్లు షాట్‌ఫైరర్‌గా తూటాలు పేల్చిన మత్తయిని నేను. నేను పేల్చిన తూటాకు ఒక్క మనిషి చిటికెన వేలు కూడా పోలేదు. గోదావరిఖనిలో ఉత్తమ కార్మికుడని శాలువా కప్పారు. తగినవాడికే కప్పారు. అయినా ఇది నా సంగతి కాదు, మా సారవ్వ సంగతి.

సారవ్వ నాకు వరుసకు మరదలు. అక్షరం రాదు. తునికాకు కల్లంలో యాభై ఆకుల కట్టను చేతిలోకి తీసుకుని, "దీంట్ల రెండు తక్కువున్నయ్" అనేది. విప్పి చూస్తే రెండే తక్కువ. భర్త పోయాక ఆ కట్టలు కట్టుకుంటూనే కొడుకు శాంతిరాజ్‌ను పెంచింది.

ఓపెన్‌కాస్టు గని కోసం మా మేడిగుంట, పక్కనున్న రేగులపల్లె రెండూ పోయాయి. వాళ్లు ముందే సంతకాలు పెట్టారు, మేం పెట్టేది లేదన్నాం. సర్వే నాడు రెండు ఊళ్లూ రాళ్లు రువ్వుకున్నాయి. రేగులపల్లె మొగిలి విసిరిన రాయి శాంతిరాజ్ ఎడమ కన్ను తీసింది. మొగిలి జైలుకు పోయి వచ్చాడు.

చివరికి ఇళ్ల జాగాలు చూపేదాకా రెండు ఊళ్లనూ ఒకే శిబిరంలో పెట్టారు. ఇటు మా రేకుల షెడ్లు, అటు వాళ్లవి, నడుమ ఒక బోరింగు. వాళ్లు కొడుతుంటే మావాళ్లు బిందె కింద పెట్టేవారు కాదు. శాంతిరాజ్ ఎదురైతే మొగిలి దారి మార్చేవాడు. సారవ్వ మాత్రం వాడు కనబడితే ఉమ్మేసేది.

శిబిరానికి దగ్గరలోనే గని అంచు. రోజూ మధ్యాహ్నం రెండింటికి పేల్చేవారు. సైరన్ కూయగానే షెడ్లన్నీ వదిలి పాత క్యాంటీన్ గోడ వెనక్కి చేరాలి. గోడకు ఈ కొసన మేము, ఆ కొసన వాళ్లు. లెక్క పద్ధతి పెట్టించింది నేనే. బాయిలో దిగేవాడు బిళ్ళ ఇచ్చి పోతాడు, ఎక్కినాక తీసుకుంటాడు. బిళ్ళ మిగిలితే మనిషి లోపలున్నట్టే. అదే తీరున రెండు ఊళ్లూ తలలు లెక్కపెట్టి చెయ్యెత్తితేనే పేల్చమని కాపలా మనిషి జెండా ఊపాలి. మా లెక్క సారవ్వది, అరవై ఒకటి. వాళ్ల లెక్క రాజం అనే ముసలాయనది, డెబ్బై మూడు.

రెండు వేల ఎనిమిది మే నెలలో ఒకనాడు సారవ్వ చెయ్యెత్తింది. రాజమూ ఎత్తాడు. జెండా ఊగింది. సారవ్వ మాత్రం ఆ కొసకే చూస్తోంది.

"బావా, పూలమ్మ ఏది?"

పూలమ్మ మా ఊరి పిల్లే, మొగిలి భార్య. నిండు చూలాలు. రాళ్ల నాటి నుంచి కన్నతల్లి కనకవ్వ కూడా ఆమెతో మాట కలపలేదు.

"వాళ్ల లెక్కల ఉంటది తియ్యి" అన్నాను.

సారవ్వ ఎన్నడూ తొక్కని ఆ కొసకు నడిచింది. "రాజం కాకా, పూలమ్మను లెక్కపెట్టినవా?"

"ఏడో నెల రాంగనే తీసేసిన. తొలుసూరు కాన్పు పుట్టింట్లనే గదా!"

"మేము తెచ్చుకుంటే గదా!"

సైరన్ వేళకు పని నుంచి తిన్నగా గోడకు చేరిన మొగిలి చేతిలోని టిఫిన్ డబ్బా జారిపోయింది. వాడు కదిలేలోపే సారవ్వ షెడ్ల వైపు ఉరికింది.

నేను కాపలా మనిషి దగ్గరికి ఉరికాను. "ఆపు! మనిషి లోపలున్నది!"

"సైగ పోయింది కాకా, ఇగ నా చేతుల లేదు."

వాకీటాకీ గుంజుకున్నాను. "షాట్‌ఫైరర్ మత్తయిని. తీగ ముట్టకుండ్రి, మనిషున్నది." అటు నుంచి గరగర తప్ప మాట లేదు. మళ్లీ అరిచాను. మూడోసారికి, "ఆపినం" అని వినబడింది.

పోయి చూస్తే పూలమ్మ నేల మీద, తల సారవ్వ ఒళ్లో. ఉమ్మనీరు పోయింది. మొగిలి గడప దాటలేక నిలబడ్డాడు.

"ఏం జూస్తవ్‌రా? రాళ్లేసిన చేతులు ఇయ్యాల పడిపోయినయా? మంచం కోడు పట్టు!"

తల్లి వెనకాలే వచ్చిన శాంతిరాజ్ వంగి ఇంకో కోడు అందుకున్నాడు. తక్కిన రెండూ నేనూ రాజమూ పట్టాం. దవాఖాన దారంతా కంకర, గుంతలు. మొగిలి గొంతు మెల్లగా వినబడుతూనే ఉంది: "అన్నా, ఎడమ దిక్కు గుంత... అన్నా, ఎడమకు రాయి..." శాంతిరాజ్ వాడు చెప్పిన చోటల్లా అడుగు మార్చాడు.

పొద్దుగూకే వేళకు దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. మొగిలి వచ్చి సారవ్వ కాళ్ల మీద పడ్డాడు.

"లే. కన్ను కన్నే. నేను మాఫ్ చెయ్యలే" అంది సారవ్వ. పసిదాన్ని ఒళ్లోకి తీసుకుని మళ్లీ అంది: "పోరికి పాత చీర గావాలె. మెత్తటిది చూడు."

షాట్‌ఫైరర్‌గా నా మీద ఒక్క మచ్చ లేదు. లెక్కను ఊరికొకటిగా చీల్చిన తప్పు మాత్రం నాదే.

మర్నాడు రెండింటికి సైరన్ కూసింది. సారవ్వ ఏ కొసకూ పోలేదు, గోడ నడుమ నిలబడింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా వేలు చూపిస్తూ లెక్కపెట్టింది. రాజం కూడా వరుసలో నిలబడ్డాడు.

"నూట ముప్పై రెండు ఈడ" అంది గట్టిగా. "నలుగురు దవాఖానల. పూలమ్మ, పోరి, మొగిలి, కనకవ్వ. ఇగ ఊపు జెండా."