ప్లైవుడ్ అవతల గాజులు

నాకు గొంతు లేని రోజుల్లో నా తరఫున మాట్లాడే పని మా ఆయన తీసుకున్నాడు. ఆయన మాట్లాడిన ఒక్క మాటకు నేను ఇంతవరకు ఆయన్ని క్షమించలేదు. క్షమించడం కోసం ఇది రాయడమూ లేదు.

నేను కోసిగిలో బడిపంతులమ్మను. పొద్దున ఆదోనిలో ప్యాసింజరు ఎక్కి పోయి సాయంత్రం తిరిగొస్తాను. తల్లిదండ్రులు పిల్లలతో కూలికి వలసపోయే కాలంలో సగం బెంచీలు ఖాళీగా ఉంటాయి. మిగిలిన సగం మంది మూడు తరగతుల గోల చేస్తారు. నా గొంతు ఒక్క కేకతో వాళ్లను కూర్చోబెట్టేది. మెడలో థైరాయిడ్ క్యాన్సరని తేలి, హైదరాబాదులో ఆపరేషన్ చేసి గ్రంథి తీసేశాక ఆ గొంతు పోయింది. నోరు తెరిస్తే గాలి వచ్చేది. ‘నిదానంగా వస్తుంది, ఒత్తిడి పెట్టొద్దు’ అన్నారు. అప్పటినుంచి ఎవరికి ఏం చెప్పాలన్నా మా ఆయనే చెప్పేవాడు. నేను పక్కన తల ఊపేదాన్ని.

ఆపరేషన్ తర్వాత మిగిలిన క్యాన్సర్ కణాలను చంపడానికి రేడియో అయోడిన్ ఇచ్చారు. ఒక్క గోలీ అంతే. దాన్ని సీసపు డబ్బాలో తెచ్చిన మనిషి పొడవాటి పట్టకారుతో అందించి, నేను మింగేదాకా తలుపు దగ్గర నిలబడ్డాడు. నా చేతిలో పెట్టడానికి కూడా భయపడే వస్తువును నా కడుపులోకి పంపించారు. ఒంటరి గదిలో పెట్టారు, భోజనం గడప దగ్గర పెట్టి పోయేవాళ్లు. రోజూ ఒకాయన దూరంగా నిలబడి కొలిచే మిషన్ నా వైపు తిప్పేవాడు. అంకె తగ్గింది, ఇంటికి పోవచ్చన్నారు.

పోయేముందు డాక్టరు మా ఇద్దరినీ కూర్చోబెట్టి, ఇంగ్లీషు ముక్క లేకుండా తెలుగులో చెప్పాడు. ఇంకా కొన్నాళ్లు ఈమె ఒంట్లోనుంచి కిరణాలు వస్తాయి. చెమటలో, ఎంగిలిలో, మూత్రంలో కూడా మందు పోతుంది. మరుగుదొడ్డి వేరే ఉండాలి. పిల్లలూ గర్భిణులూ దగ్గరికి రాకూడదు. తాకకుండా ఉంటే సరిపోదు, దూరం ముఖ్యం. కడుపులో బిడ్డకు కూడా మెడలో ఈ గ్రంథి ఉంటుంది, అది పెద్దవాళ్ల గ్రంథి కంటే సున్నితం.

"ఇంట్లో అట్లాంటివాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు.

"మా పాపను గూడూరు పంపించినాం సార్, వాళ్ల అమ్మమ్మ ఇంటికి. చెల్లెలు పురిటికి వచ్చింది, ఆమెను దూరంగా పెడతాం" అన్నాడు మా ఆయన.

అంత చక్కగా అర్థమైంది ఆయనకు. అది గుర్తుపెట్టుకోండి.

మా అత్తగారివాళ్లు మంత్రాలయం వైపు నుంచి వచ్చిన, గుడి సేవ చేసుకునే కుటుంబం. మామగారు పోయాక ఆమె ఆదోనిలో మా దగ్గరే ఉంటుంది. మడి ఆమెకు ఊపిరి. ఏ బట్ట ఏ తీగ మీద ఆరాలో, ఏ చెంబు ఎవరు ముట్టాలో నిద్రలో లేపి అడిగినా చెప్తుంది. ఆడబిడ్డను ఎమ్మిగనూరులో ఇచ్చారు. గాజులు తొడిగించి పుట్టింటికి తెచ్చారు. నేను వచ్చేలోపు ఆ పిల్లను కొన్నాళ్లు ఎమ్మిగనూరుకు పంపమని హైదరాబాదు నుంచే ఫోన్లో మెసేజ్ పెట్టాను. గాజులు వేసి తెచ్చుకున్న పిల్లను కాన్పు కాకముందే వెనక్కి పంపే ఆచారం లేదని అత్తగారు అందట. మా ఆయన మళ్లీ అడగలేదు.

కారు ఇంటి ముందు ఆగింది. నన్ను కార్లోనే కూర్చోమని ఆయన లోపలికి పోయాడు. అద్దం దించి ఉంది. వసారాలో ఆయన తల్లితో అన్న మాట నా చెవులతో విన్నాను.

"అమ్మా, ఏం లేదు, మైల అనుకో. కొన్ని దినాలు ఎవరూ తాకకుండా చూసుకో. అంతే."

తలుపు తీసుకుని దిగి, కాదని అరుద్దామనుకున్నాను. నోట్లోనుంచి గాలి వచ్చింది.

మైల అనగానే మా అత్తగారికి ఇక ఎవరూ ఏదీ నేర్పాల్సిన పని లేకపోయింది. ఒక కంచం, ఒక లోటా, ఒక చాప వేరు చేసింది. నా బట్టలకు పెరట్లో వేరే తీగ కట్టించింది. నేను నడిచిన చోటల్లా పసుపు నీళ్లు చల్లింది. ఆమె ఎంత జాగ్రత్తగా చేసిందో చూస్తే నాకు మండిపోయేది. ఊరగాయ జాడీని నానుంచి కాపాడింది, దేవుడి గదిని కాపాడింది, తులసికోటను కాపాడింది. కాపాడాల్సినదాన్ని ఏం చేసిందో తర్వాత తెలిసింది.

మా ఇంట్లో వంటింటి వెనక ఒక పొడవాటి గది ఉంది. నెలసరి వచ్చినవాళ్లు ఉండేది అందులోనే, పురుడు పోసేదీ అందులోనే. రెండూ మైలే కాబట్టి రెండిటికీ ఒకే చోటు. మా పెళ్లయ్యాక మధ్యలో ఒక ప్లైవుడ్ షీటు కొట్టించి, రెండు గదులు చేశారు. అటు పురిటి గది, ఇటు బయట ఉండేవాళ్ల గది. నాకు ఇటు గది ఇచ్చారు. నేను పట్టించుకోలేదు. కాన్పుకు ఇంకా టైముంది, ఆ పిల్ల ముందర గదిలో ఉంది, మధ్యలో వంటిల్లు, నడవ అన్నీ ఉన్నాయి అనుకున్నాను. పైగా ఒంట్లో శక్తి లేదు. గోలీకి ముందు చాలా రోజులు థైరాయిడ్ మాత్రలు ఆపించారు, మంచం మీదనుంచి లేవాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. మంచాన్ని ప్లైవుడ్డుకు ఆనించి వేశారు. అటు తిరిగి పడుకునేదాన్ని.

మధ్యాహ్నాలు నా తల దగ్గర గాజుల చప్పుడు వినిపించేది. రెండు మూడు సార్లు విన్నాను. పక్కింటి పెరట్లో ఎవరో గిన్నెలు తోముతున్నారనుకున్నాను. ఒకరోజు గాజుల చప్పుడుతో పాటు ఆవలింత వినిపించింది. ఆ ఆవలింత నాకు తెలుసు. ఆ పిల్ల పెళ్లికి ముందు తనకు లెక్కలు చెప్పింది నేనే.

లేచి కూర్చున్నాను. అరవలేను. స్టీలు లోటా తీసుకుని ప్లైవుడ్డును బాదాను. అటు పిల్ల ఉలిక్కిపడి "ఏంది వదినా, ఏమైంది?" అంటోంది. ఆ గొంతు నా చెవికి జానెడు దూరంలో ఉంది. నేను బాదుతూనే ఉన్నాను.

అత్తగారు పరుగెత్తుకొచ్చి గడప అవతల ఆగింది. కొంగు దగ్గరికి లాక్కుంది, నాకు తగలకుండా.

"ఏమిటికి అట్ల బాదుతాండావు? బిడ్డ బెదురుకోదా?"

నేను ప్లైవుడ్డు వైపు చెయ్యి చూపించి, ఉన్న గాలంతా కూడగట్టి "లేపు అత్తా, ఆ పిల్లను లేపు" అన్నాను.

"లేపేదేంటికి? ఈడ చల్లగుంటాదని పండుకుంది. ఎట్లయినా కాన్పుకు ఈ గదికే కదా రావాల. పంతుల్ని అడిగి, మంచి గడియ చూసి మంచం ఏసినాం. నువ్వు వచ్చిన మరుసటి దినమే."

"దూరం. దూరం ఉండాలన్నారు."

"నడుమ గోడ ఉండాది. నువ్వేమన్నా తాకినావా? ఆ పిల్ల తాకిందా? మైలను గురించి నువ్వు నాకు చెప్తావా?"

నేను వచ్చిన మరుసటి రోజునుంచీ, మంచానికి మంచం ఆనించి, మధ్యలో అట్టముక్కలాంటి చెక్క పెట్టి మమ్మల్ని పడుకోబెట్టారు. ఆ క్షణంలో నాకు క్యాన్సర్ గుర్తులేదు, ఆ పిల్ల కడుపు ఒక్కటే గుర్తుంది.

సాయంత్రం మా ఆయన పనినుంచి వచ్చాక ఆసుపత్రికి ఫోన్ చేయించాను. స్పీకర్ పెట్టమన్నాను. ఈసారి నాకు వినిపించకుండా మాట్లాడనివ్వదలచుకోలేదు.

"మధ్యలో గోడ ఇటుకదా?" అడిగాడు డాక్టరు.

"ప్లైవుడ్ సార్."

వెంటనే మార్చండి అన్నాడు. బిడ్డకు చేరింది తక్కువే అయుండొచ్చు, కానీ ఏమీ కాదని ఇప్పుడే చెప్పలేను, పుట్టాక రక్తం తీసి థైరాయిడ్ పరీక్ష తప్పకుండా చేయించండి అన్నాడు. ‘మీకు నేను చెప్పాను కదా’ అని కూడా అన్నాడు. మా ఆయన "ఎస్ సార్" అన్నాడు.

గడియ చూసి వేసిన మంచాన్ని కదిలించేది లేదంది అత్తగారు. అయితే నేనే కదులుతానన్నాను. చాప, లోటా, కంచం తీసుకుని బయటి మెట్ల మీదుగా మిద్దె ఎక్కాను. పైన నీళ్ల ట్యాంకు పక్కన రేకులు వేసిన చిన్న నీడ ఉంది. ఆదోని ఎండలో ఆ రేకుల కింద ఎట్లా ఉంటుందో ఆదోనివాళ్లకు చెప్పక్కర్లేదు. డాక్టరు చెప్పిన గడువు తీరేదాకా అక్కడే ఉన్నాను. అన్నం బుట్టలో పెట్టి తాడు కడితే లాక్కునేదాన్ని. మరుగుదొడ్డికి మాత్రం పెరట్లోకి దిగేదాన్ని, దాన్ని ఇంకెవరూ వాడకుండా తాళం వేసి తాళంచెవి నా కొంగుకు కట్టుకున్నాను.

కింద వసారాలో వచ్చినవాళ్లందరికీ అత్తగారు చెప్పే మాటలు పైకి వినిపించేవి.

"మిద్దె మీద ఉండాదమ్మా మా కోడలు. చెప్తే ఇనదు. జబ్బొచ్చినాక తలకాయ కూడా చెడింది."

మా ఆయన ఆ మాటకు అడ్డం చెప్పగా ఒక్కసారి కూడా వినలేదు. కన్నకూతురిని తన చేతులతో గూడూరుకు తీసుకుపోయి దించిన మనిషి. తన బిడ్డ దగ్గరికి వచ్చేసరికి డాక్టరు మాట చక్కగా తలకెక్కింది. చెల్లెలి దగ్గరికి వచ్చేసరికి తల్లితో వాదించే ఓపిక లేక మైల అని తేల్చేశాడు. రాత్రిళ్లు రేకుల కింద పడుకుని ఆయన్ని తిట్టుకున్నాను. గొంతు లేకపోయినా తిట్లకు లోటు రాలేదు.

నేను మిద్దె దిగాక కాన్పు ఆదోనిలోనే నర్సింగ్‌హోంలో అయింది. ఆడపిల్ల. పచ్చి బిడ్డకు సూది గుచ్చేదేమిటని అత్తగారు తలుపుకు అడ్డం నిలబడింది. ఆడబిడ్డే మంచం మీదనుంచి "తీయనీ అమ్మా, వదిన చెప్పింది కదా" అంది. రిపోర్టు వచ్చేదాకా నేను అన్నం సరిగా తినలేదు. థైరాయిడ్ బాగానే ఉందని వచ్చింది. నర్సింగ్‌హోం మెట్ల మీద కూర్చుని, ఎవరు చూస్తే నాకేమని ఏడ్చాను.

"మడిగా ఉంటిమి కాబట్టి ఏమీ కాలేదు. చూసినావా?" అంది అత్తగారు.

నామకరణం నాటికి నా ఒంట్లో మందు ఆనవాలు కూడా లేదు. ఆసుపత్రివాళ్లు చెప్పిన గడువు ఎప్పుడో దాటింది. అయినా బిడ్డను నా ఒళ్లో పెట్టేముందు అత్తగారు పట్టుగుడ్డ తెచ్చి నా తొడల మీద పరిచింది. పట్టుకు మైల అంటదు కదా. భయపడాల్సిన రోజుల్లో పక్కన పడుకోబెట్టి, భయం లేని రోజున పట్టు పరిచారు. నేను ఆ గుడ్డ తీసి మడిచి మా ఆయన చేతికిచ్చాను. బిడ్డను ఉత్త చీర మీదే పెట్టుకున్నాను. మెడ ఇంత సన్నగా ఉంది. వేలితో ముట్టి చూశాను.

నా గొంతు మెల్లగా తిరిగొచ్చింది. కొంచెం బొంగురు. మళ్లీ బడికి పోతున్నాను, కేక వేస్తే వెనక బెంచీదాకా పోతోంది.

మొన్న ఆసుపత్రినుంచి పిలుపొచ్చింది. క్యాన్సర్ మిగిలిందో లేదో చూడడానికి స్కానింగ్ చేస్తారు, దానికి ఇంకోసారి చిన్న మోతాదు మింగాలి, కొన్ని రోజులు మళ్లీ వేరుగా ఉండాలి. ఆడబిడ్డ బిడ్డను తీసుకుని ఆదోనిలోనే ఉంది. నేను ఎమ్మిగనూరులో మగ్గాల వీధి చివర ఒక గది మాట్లాడుకున్నాను, ఒంటిగది, చుట్టూ రాతిగోడలు.

"అమ్మకు ఏమని చెప్పేది?" అన్నాడు మా ఆయన.

"మీరు నోరు తెరవొద్దు. నేనే చెప్తాను."

వంటింటి గడప దగ్గర కూర్చున్నాను. పురిటి గదికోసం తెచ్చిన కుంపటి ఇంకా అక్కడే ఉంది.

"అత్తా, బాలింత మంచం కింద కుంపటి పెడితే బిడ్డను దాని పక్కన పండబెడతావా?"

"యాడన్నా పెడతారా? సెగ తగలదూ?"

"తాకకపోయినా?"

"తాకేదేమిటికి? సెగ అదే వస్తాది కదా. దూరం జరపాల."

"నా ఒంట్లో మందు అంతే. తాకితే అంటేది కాదు, పక్కనుంటే తగిలేది. కుంపటి అనుకో. తలకు పోసుకుంటే పోయేది కాదు, దానంతట అది చల్లారాల. ప్లైవుడ్డుకు ఆగదు."

ఆమె గరిటె పక్కన పెట్టింది. వెనక గది వైపు చూసింది. తర్వాత వసారాలో పేపరు చదువుతున్న కొడుకు దగ్గరికి నడిచింది. మడిలో ఉందని కూడా మరిచిపోయి ఆయన భుజం పట్టుకుంది.

"కుంపటి అని చెప్పింటే నా బిడ్డను ఆడ పండబెడుతునా? మైల అని ఏమిటికి చెప్పినావురా నాకు?"

మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఆమె అట్లే పట్టుకుని నిలబడింది. మందు మింగేలోపు గది సర్దుకోవాలని నేను సంచి తీసుకుని ఎమ్మిగనూరు బస్సుకు బయలుదేరాను.