రామచంద్రన్న హోటల్ కార్డు

“వరంగల్‌ల మా అక్క ఇల్లుండంగ పోయి హోటల్ల దిగుతవా? మళ్ల ఆమె మన మొహం చూస్తదా?” అంటోంది స్వరూపక్క, మొగుడు రామచంద్రన్నతో.

“మరి కరీంనగర్‌ల?”

“ఆడ మీ మేనత్త లేదా?”

మెట్ల మీద నిలబడి వింటున్నాను. ఈ గొడవ పెట్టింది నేనే. అశోక్ నగర్‌లో పోటీ పరీక్షల పిల్లలకు హాస్టల్ నడిపే రామచంద్రన్న దగ్గర నాదీ ఒక మంచం. ఇంజనీరింగ్ మధ్యలో మానేశాక నాకు అబ్బిన విద్య క్రెడిట్ కార్డుల వీడియోలు చూడటం. నేను అడిగిన ప్రతిసారీ బ్యాంకు కార్డు ఇవ్వనంది. సలహాలు మాత్రం హాస్టలంతటికీ నావే.

అందుకే అన్న ఒక ఖరీదైన హోటల్ కార్డు గురించి అడిగితే మురిసిపోయాను. ఏడాదికి పన్నెండు వేల ఫీజు. బదులుగా పెద్ద హోటల్లో ఒక రాత్రి ఉచితం, తర్వాత దిగినప్పుడల్లా పాయింట్లు. వాళ్ల బంధువుల్లో ఈ ఏడు పెళ్లిళ్లు చాలా ఉన్నాయి కనుక ఊరికో గది వేసుకుని, లాభమేనని తేల్చేశాను. చుట్టాలున్న ఊళ్లో గది తీసుకుంటే ఆ పెళ్లికి పోనట్టేనని నా బుర్రకు తట్టలేదు. స్వరూపక్క ఊరికో బంధువును నిలబెట్టి నా లెక్కంతా కొట్టేసింది.

అన్న బయటికొచ్చాడు. ఫీజు దండగ, ఒక్క రాత్రికైతే డబ్బులు కట్టి గది తీసుకోవడమే చవక అని ఒప్పుకున్నాను. ఇంతకీ ఏ ఊరు పోదామనుకున్నావని అప్పుడడిగాను. మొదటే అడగాల్సిన మాట.

“ఏ ఊరు లేదురా. ఈడనే, ట్యాంక్‌బండ్ అవతల.”

అన్న రోజూ తెల్లారకముందే హాస్టల్ నీళ్ల మోటరు వేయాలి. అది మొరాయిస్తే చిక్కడపల్లి మెకానిక్‌ను లేపుకు రావాలి. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి తాళంచెవి పోయినా కొట్టేది ఆయన తలుపే. పెళ్లిలో ఉన్నా ఫోన్ మోగుతూనే ఉంటుంది. ఇంతమందికి మంచాలు వేసినవాడు, ఒక్క రాత్రి ఇంకెవరో పరిచిన పక్క మీద పడుకోవాలనుకున్నాడు. నేను దానికి పాయింట్లు లెక్కగట్టాను.

ఇల్లు ఇంత దగ్గర పెట్టుకొని గదేందని లోపల్నుంచి అక్క సణిగింది. మళ్లీ తనే, పొద్దున టిఫిన్ కూడా వాళ్లే పెడతారా అని అడిగింది.

అన్న మొహం విప్పారింది. మధ్యాహ్నం దాకా మంచం దిగని నా వైపు, వేరే దిక్కులేనట్టు చూశాడు.

“కార్డు సంగతి ఇడిసిపెట్టు. శనివారం రాత్రి నువ్వు నా రూముల పండుకో. పొద్దుగాల మోటరు నువ్వెయ్యి. అన్నా అని ఎవరొచ్చినా నువ్వే పలుకు. నాకు మాత్రం ఫోన్ చెయ్యకు.”