మా వదిన పడక కొలత

మా వదిన పోయిందన్న కబురు ముందు నాకు చెప్పలేదు. తెల్లవారి నేను వాకిలి ఊడుస్తున్నాను. ఆమె పనిచేసిన మిషన్ ఆసుపత్రి నుంచి ఒక నర్సు వచ్చింది. నన్ను చూసి తల దించుకుని, నా పక్కనుంచే లోపలికి వెళ్ళి, గడ్డం గీసుకుంటున్న మా వారి ముందు నిలబడి, "అన్నా, మన సిస్టరమ్మ ప్రభువునందు నిద్రించింది" అని ఆయనకు చెప్పింది. ఆయన సొంత తమ్ముడు, నేను తమ్ముడి భార్యను. వరస చూస్తే ఆ నర్సు చేసిన దాంట్లో తప్పేమీ లేదు. అయినా చీపురు పట్టుకుని నిలబడ్డ నాకు ఏడుపు కంటే ముందు కడుపుమంట వచ్చింది. ఆ మాట నా చెవిన ముందు పడాల్సిందని అనిపించింది.

పాఠకులకు ముందే చెబుతున్నాను, ఇది అసూయపడుతూ రాస్తున్న స్మృతి. మా వదినను తలుచుకోవడానికి నాకు వేరే దారి తెలియదు. ఆమెతో నా పరిచయమే అసూయతో మొదలైంది.

మా వారికి ఊహ తెలియకముందే తల్లి పోతే ఈ అక్కే పెంచిందట. తమ్ముణ్ణి చదివించడంలో, ఆసుపత్రి డ్యూటీల్లో పడి తన పెళ్ళి సంగతి మరిచిపోయింది. భారీ మనిషి. నేనూ సన్నం కాదు. పెళ్ళయి బందరు నుంచి వచ్చి సికింద్రాబాద్ స్టేషన్లో దిగిన రోజు ఆమె నన్ను నిలువునా చూసి, "తమ్మీ, నాకు జోడీ తెచ్చినవురా!" అని పెద్దగా నవ్వింది. ప్లాట్‌ఫారం మీద అందరూ తిరిగి చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది. చిలకలగూడలో ఇంటికి చేరాక చూస్తే అంతా అక్క రాజ్యమే. కూరలో మంచి ముక్క అక్క కంచంలోకి. ఉప్పు తక్కువైతే "మా అక్క ఇట్ల చెయ్యదు", ఎక్కువైతే "మా అక్కని అడగరాదూ". కొత్త కోడలికి ఎలా ఉంటుందో మీరే చెప్పండి.

తన ఒంటి మీద తనే హాస్యమాడేది. చర్చి గుళ్ళో ఎప్పుడూ చివరి బెంచీలో కూర్చునేది. ఆ బెంచీ కిర్రుమంటే నా చెవిలో, "చూసినవా పిల్లా, నేను కూసుంటే కట్టె సుత సాక్ష్యం చెప్తది" అనేది. అయ్యగారు ప్రసంగం చేస్తుంటే నేను కొంగు నోట్లో కుక్కుకోవాల్సి వచ్చేది. కానీ ఆ హాస్యం ఆమె ఒక్కదానికే చెల్లు. ఆ ఇంట్లో అక్క లావని మరొకరు అనకూడదు. పెంచిన తల్లిలాంటి మనిషిని ఒళ్ళు గురించి ఎలా అంటారు? అందుకని అందరూ కూడబలుక్కున్నట్టు, అక్క నా అంతే ఉంటుందని చెప్పుకునేవారు. బంధువులు చీర కొనాలన్నా, దర్జీకి రవిక ఇవ్వాలన్నా నన్ను నిలబెట్టి కొలిచేవారు. ఆమెలో నేను సగం కంటే కాస్త ఎక్కువేమో. కొలిచింది ప్రతిదీ ఆమెకు బిగుతయ్యేది. ఆమె కుట్లు విప్పుకుని తొడుక్కునేది.

పోలీస్ యాక్షన్ అయిన ఆ చలికాలం మిలిటరీ లారీలు మా వీధి చివరి నుంచే తిరుమలగిరికి పోయేవి. జిల్లాల్లో ఊళ్ళు చెదిరి ఉన్నాయని, జ్వరాలు ముదురుతున్నాయని ఆసుపత్రి వాళ్ళు మందులిచ్చి నర్సుల్ని పంపడం మొదలుపెట్టారు. అందరికంటే ముందు మా వదిన పేరిచ్చింది. పగలు పని, రాత్రి గుడారంలో నేల మీద పడక. మా వారికి బెంగ పట్టుకుంది. "అక్కకు నేల పడది. చలికి నడుం పట్టుకుంటది" అని ఇల్లంతా తిరిగారు. నాకు నడుం నొప్పి వచ్చినప్పుడు ఆయన పేపరు చదువుకుంటూ కూర్చున్నారని ఇక్కడ మనవి చేస్తున్నాను.

ఒకరోజు, "తయారు కా, బజారుకు పోదాం" అన్నారు. నాకేదో శాలువా కొంటారనుకుని మంచి చీర కట్టుకున్నాను. తిరుమలగిరిలో ఒక దుకాణం ముందు ఆగారు. ప్రపంచ యుద్ధం అయిపోయాక మిగిలిన సరుకంతా అక్కడ గుట్టలు పోసి అమ్మేవారు. బూట్లు, కంబళ్ళు, సీసాలు, వాటి మధ్య సిపాయిలు పడుకునే సంచులు. మనిషి లోపల దూరి గుండీలు పెట్టుకుంటే తల ఒక్కటే బయట ఉంటుంది. ఇంగ్లీషులో స్లీపింగ్ బ్యాగు అంటారు.

"ఇగో, నువ్వు జెర ఇందుల దూరి చూడు" అన్నారు మా వారు.

"నేనెందుకండీ?"

"అక్కని అడిగితే మంచిగుండదు గదా. నువ్వు సుత గంతే ఉంటవ్."

గంతే! ఆ మాటకు మండిపోయింది నాకు. అయినా నలుగురి మధ్య గొడవెందుకని చెప్పులు విడిచి, నిలబడే అందులోకి దిగి, గడ్డం దాకా లాక్కున్నాను. పాదం నుంచి మెడ దాకా సరిగ్గా వచ్చింది. దుకాణదారు, "ఫౌజీ మాల్ అమ్మా, మంచుల పండుకున్నా చలి తాకది" అన్నాడు. మా వారు ముందుకూ వెనక్కూ నడిచి చూసి తృప్తిపడ్డారు. నిలబడితే చాలింది పడుకుంటే చాలదండీ, పడుకుంటే ఒళ్ళు పక్కలకు పరుచుకుంటుంది, తుంటి దగ్గర చోటు కావాలి అని చెప్పాను. "నీకు అన్నిట్ల ఏదో ఒకటి" అని సంచి చుట్టించి చంకన పెట్టుకున్నారు.

మొదటి తిరుగుడు ముగించి వదిన ఇంటికొచ్చిన రోజు, అన్నాల దగ్గర ఆ కథ చెప్పింది. దూరడం దూరిందట. తరవాత చేతులు కదలవు, ఒత్తిగిల్లడానికి లేదు, కాళ్ళ దగ్గర ముడుచుకుపోయి పాదాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయట. తెల్లారి లేవలేక కేకేస్తే ఇద్దరు నర్సులొచ్చి చెరో పక్క పట్టి ఊడబీకారట. "నువ్వు నాకు బిస్తరా కొన్నవా, దిండు గలేబు కొన్నవారా?" అంది. అందరం పగలబడి నవ్వాం. మా వారి మొహం చిన్నబోయింది. అది చూసి ఆమె వెంటనే, "నీ తప్పేముందిరా, ఈ ఒళ్ళు ఊకె రాలే, నేనే మస్తు కష్టపడి పెంచుకున్న" అని ఆయన వీపు నిమిరింది. తప్పు చేసినాయనకు బుజ్జగింపు, సరిగ్గా చెప్పిన నాకు ఎంగిలి కంచాలు.

కంచాలు కడుగుతుంటే ఆమె వెనకే వచ్చి పీట వాల్చుకుని కూర్చుంది. కాసేపటికి మెల్లగా అడిగింది. "పిల్లా, నువ్వు ఎట్ల పండుకుంటవ్?"

ఆ ఇంట్లో నన్నెవరూ ఆ మాట అడగలేదు. పుట్టింట్లో కూడా అడిగిన గుర్తు లేదు. ఎడమ వైపు తిరిగి, పై మోకాలు ముడుచుకుని, చెంప కింద చెయ్యి పెట్టుకుంటానని చెప్పాను. "వెల్లకిలా పడుకుంటే గుండెల మీద బరువెత్తినట్టుంటుంది వదినా."

"నేను సుత గట్లనే" అంది. "ఎవ్వరికి చెప్పలే ఇంతవరకు. ఏందో సిగ్గు."

మర్నాడు మేమిద్దరమే తిరుమలగిరి వెళ్ళాం. మా వారు వస్తానంటే నేనే వద్దన్నాను. దుకాణంలో ఒక మూల దుప్పటి అడ్డం కట్టించాను. "అందరి ముంగట పండుకోవాల్నా?" అని ఆమె బెదిరింది. ముందు నేను పడుకుని చూపించాను. ఒక్కో సంచిలో ఇద్దరం మార్చి మార్చి పడుకుని, ఒత్తిగిల్లి, మోకాళ్ళు ముడిచి చూశాం. తల దగ్గరే తెరుచుకునేది వద్దు, పక్క పొడుగునా తెరుచుకోవాలి, లేదంటే చెయ్యి ఊని లేవలేం. కాళ్ళ వైపు సన్నబడకూడదు. అడుగున దూది దట్టంగా ఉండాలి, లేకపోతే బరువుకు అణిగి నేల తగులుతుంది. లోపలి గుడ్డ నున్నగా ఉండాలి, లేదంటే మనం తిరిగినా చీర మనతో తిరగదు. ఇలాంటివి ఏ సిపాయి చెబుతాడు? సన్నటి వాళ్ళకు నిద్ర ఎక్కడైనా వస్తుంది. ఆ మధ్యాహ్నం దుప్పటి చాటున మేము చిన్నపిల్లల్లా నవ్వుకున్నాం. దుకాణదారు బయట నుంచి, "అమ్మా, ఏం పరేషాన్ లేదు గదా?" అని రెండుసార్లు అడిగాడు.

అన్నీ ఉన్నది ఒక్కటీ దొరకలేదు. ఒకే తీరువి రెండు తీసుకుని, ఒకదాన్ని విప్పి, రెండోదానికి ఎడమ వైపు పట్టీగా వేశాను. మిషను సూది ఆ మందానికి విరిగింది. వరండాలో కూర్చుని దబ్బనంతో కుట్టాను. మా వారు వచ్చి చూసి, "నాకు చెప్తే నేనే తెస్తుంటి గదా" అని గునిసి వెళ్ళిపోయారు. ఆ గునుపు నాకు చెవులకు ఇంపుగా ఉంది.

మా వదిన చేతిలో ఏదీ నిలిచేది కాదు. గొడుగిచ్చేసేది, కొత్త చీర బాలింతకు చుట్టబెట్టి వచ్చేది. ఆ సంచి మాత్రం ఎవరికీ ఇవ్వలేదట. ఎవరైనా అడిగితే, "ఇది నా మరదలు నా కొరకు పండుకొని కుట్టింది, ఇయ్య" అనేదట. నర్సులు చెప్పారు. వినగానే ఒళ్ళు పులకరించింది. ఆ వెంటనే, వాళ్ళు ఆమెను అమ్మా అని పిలుస్తున్నారని కోపం వచ్చింది. నా అసూయ దిక్కు మార్చుకుంది. తమ్ముడి ప్రేమంతా ఆమెకు పోతోందని ఏడ్చినదాన్ని, ఆమె ప్రేమ నర్సులకూ, రోగులకూ, ఆ తమ్ముడికీ పంచుకుపోతోందని ఏడవసాగాను. సంఘమంతా కాప్రా చెరువుకు వనభోజనానికి వెళ్ళినప్పుడు ఆమె ఆ సంచి విప్పి పరిచి నన్ను పిలిచింది. మా వారు కూర్చోబోతే, "జాగ లేదురా, ఇది మా ఇద్దరిది" అంది. ఆయన గడ్డిలో కూర్చున్నారు. నాకెంత హాయిగా ఉందో చెప్పలేను.

"మనిషికి దేవుడిచ్చిన కూలి నిద్ర. ఎవ్వరి నిద్ర చెడగొట్టొద్దు" అనేది. జ్వరం రోగి నిద్రపోతుంటే మందు వేళ దాటినా పక్కన కూర్చుని కనిపెట్టుకునేది గానీ లేపేది కాదు. దానికి డాక్టర్ల చేత మాటలు కూడా పడింది. ఇప్పుడు, పోలీస్ యాక్షన్ అయిన ఎనిమిదేళ్ళకు, మా రాష్ట్రం పేరే మారబోతోందని పేపర్లు రాస్తున్నాయి. అది చూడకుండానే, కొన్నాళ్ళు గుండె ఆయాసంతో ఆసుపత్రిలో ఉండి, తను కాపలా కాసిన వార్డులోనే వెళ్ళిపోయింది.

ఆ రోజు మా వరండాలో మగవాళ్ళంతా చేరారు. పెట్టె చేసే వడ్రంగి వచ్చాడు. మా వారు కళ్ళు తుడుచుకుంటూ పొడుగు చెప్పారు. అతను సరేనని లేవబోయాడు. ఆడవాళ్ళ మధ్య కూర్చున్న నేను లేచి బయటికి వెళ్ళాను.

"వెడల్పు కూడా రాసుకో" అన్నాను.

"పొడుగు చెప్తే సాలమ్మా. వెడల్పు మేం చూసుకుంటం."

"మీరు చూసుకోలేరు." రెండు చేతులూ చాచి చూపించాను. "ఇంత. ఇంకొంచెం. కాళ్ళ వైపు తగ్గించకు."

సంఘ పెద్ద ఒకాయన, "ఇప్పుడు గదంతా ఎందుకమ్మా, ఆమెకేం తెలుస్తది?" అన్నాడు.

"ఇరుకులో ఆమెకు నిద్ర పట్టదండీ" అన్నాను. అప్పుడు ఏడుపొచ్చింది. మా వారు నా చేతుల వైపు చాలాసేపు చూసి వడ్రంగితో, "ఆమె చెప్పినట్ల చెయ్" అన్నారు.

సాయంత్రం సమాధుల తోటలో పెట్టె గుంతలో పట్టలేదు. మోసినవాళ్ళు మళ్ళీ పైకి తీసి నేల మీద పెట్టారు. అయ్యగారు పుస్తకం మూసి నిలబడ్డారు. జనం గుసగుసలాడారు. గుంత తవ్వినవాళ్ళలో పెద్దవాడు చెమట తుడుచుకుంటూ, "గింత వెడల్పు పెట్టె ఎవరు చెప్పిండ్రయ్యా?" అన్నాడు.

"నా భార్య" అన్నారు మా వారు. "అక్క ఎట్ల పండుకుంటదో నాకంటె ఆమెకే ఎక్కువ తెలుసు."

'నాకంటె' అన్నప్పుడు ఆయన గొంతు జీరబోయింది. అది ఏడుపొక్కటే కాదు. ఆ జీర ఏమిటో నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? ఏళ్ళ తరబడి నా గొంతులో మోసిందే కదా. ఇన్నాళ్ళకు ఆయనకు అందింది. ఆ ఒక్క మాటకు నేను ఆయన పక్కకు వెళ్ళి నిలబడ్డాను.

"ఏ దిక్కు తవ్వమంటరమ్మా?" అని ఆ మనిషి నన్నే అడిగాడు. ఎడమ వైపు చూపించాను. ఇద్దరు కిందికి దిగి పలుగుతో ఎడమ గోడను చెక్కడం మొదలుపెట్టారు. ఎర్రమట్టి పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. అందరూ ఎండ దిగిపోయేదాకా నిలబడి కనిపెట్టుకున్నారు. తరవాత తాళ్ళు వదులుతుంటే పెట్టె ఏ పక్కా రాసుకోకుండా, చప్పుడు లేకుండా అడుగుకు దిగింది.