నిద్రమాత్ర

బట్టలు కుట్టే ఆ కార్ఖానాలో అందరూ ఆవిణ్ణి నిద్రమాత్ర అంటారు. పక్కన కూర్చున్నవాళ్ళకు కాసేపట్లోనే తల వాలిపోతుంది, కుట్టు వంకరపోతుంది. అందుకే యజమాని ఆవిడ మిషన్ను మెట్లకింద ఒంటరిగా వేయించాడు. ఎవరైనా దగ్గరకొస్తే, పళ్ళతో దారం తెంపుతూ, "దూరం జరగండమ్మా, నా శాపం మీకెందుకు" అని తనే హెచ్చరిస్తుంది.

ఆ యజమానే ఒకరోజు చేతులు జోడించాడు. "అక్కా, ఎముకల నొప్పితో అమ్మకు కంటిమీద కునుకు లేదు. ఒక్కసారొచ్చి కూర్చో." ఆవిడ వాళ్ళింటికొచ్చి మంచం పక్కన కూర్చోగానే ముసలమ్మ మూలుగు ఆగి గురక మొదలైంది. కోడలు ఏడ్చేసింది. సాయంత్రం ఆవిడ లేచి గుమ్మం దాటిందో లేదో, లోపల్నుంచి కేక. వెనక్కొచ్చి కూర్చుంటే గురక, లేస్తే మళ్ళీ కేక. "ఉండిపో అక్కా" అన్నాడతను. "ఇంట్లో నా పిల్లది ఒక్కతే ఉంది బాబూ" అంటూ చెప్పులేసుకుంది. లోపల మూలుగు పెరిగింది. ఆవిడ చెప్పులు విప్పేసింది.