మస్తాన్ బాబాయి వాయిదా వేయించిన పోటీ

ప్రపంచ విజేతలు కాలేకపోయిన మహా బాక్సర్ల జాబితా ఒకటి ఈ ఉదయం ఎవరో పంపారు. చదువుతుండగానే మిర్చి యార్డు ఘాటు కిటికీలోంచి వచ్చి తాకింది. మస్తాన్ బాబాయి గుర్తొచ్చారు.

గుంటూరులో నాతో పెరిగిన మిత్రులారా, యార్డులో బస్తాలు మోసిన ఆ హమాలీని మీరూ మరిచి ఉండరు. మిరపకాయల ఖాళీ గోనెలో పత్తి కుక్కి, దూలానికి వేలాడదీసి, దానినే గుద్దుతూ బాక్సింగ్ సాధన చేసేవారు. జిల్లాలో ఆయన దెబ్బకు నిలిచినవారు లేరు. గుద్దినప్పుడల్లా గోనెలోంచి లేచే కారపు ధూళి ఆయన కళ్ళకు అలవాటైపోయింది.

ఒకనాడు రాష్ట్ర విజేత ఆయనతో తలపడేందుకు వచ్చాడు. గెలిస్తే బిరుదు బాబాయిదే. పోటీకి ముందు ఒళ్ళు వేడెక్కించుకునేందుకు ఆ అతిథి ఆ గోనెనే నాలుగు గుద్దులు గుద్ది, కళ్ళు తెరవలేక కూలబడ్డాడు.

"ఇంకేం చూస్తావురా మస్తానూ, గంట కొట్టించు," అన్నారు తోటి హమాలీలు.

"కళ్ళు కనపడనోణ్ణి కొట్టి గెలిచానని రేపు మసీదులో ఏ మొహంతో నిలబడనురా?" అంటూ ఆయన టీ బడ్డీ నుంచి పచ్చిపాలు తెప్పించి, అతని కళ్ళు కడిగి, పోటీని వాయిదా వేయించారు.

అతడు మళ్ళీ రాలేదు. బాబాయికి బిరుదూ రాలేదు.

ధర్మయుద్ధ లక్షణాలపై తరువాత నేను ఎన్నో సభలలో వ్యాఖ్యానించాను. ఏ శ్లోకానికి అర్థం చెప్పినా, పాలతో తడిసిన ఆ చేతులనే మనసులో చూసుకుంటూ చెప్పాను.